ముఖములోని వెచ్చదనము



మనలో ఒక అలవాటున్నది. చాలా రోజుల తరువాత కనబడిన బిడ్డను చూడగానే, "ఏమ్మా, ఇంత నల్లబడ్డావేమి? చిక్కి సగమైపోయావే!" అంటాము. ప్రేమతోనే అంటాము. అయితే ఆ మాట విన్న బిడ్డ మనస్సుకు ఏమవుతుందో నేను మన ఊరిలో ఉండగా ఎన్నడూ ఆలోచించలేదు. ఉజ్బెకిస్తాన్ దేశములోని అందిజాన్ పట్టణములో నేర్చుకున్నాను.

మా అక్క కూతురు అక్కడ వైద్యవిద్య చదువుచున్నది. ఇటీవలి సంవత్సరములలో మన తెలుగు జిల్లాలనుండి చాలామంది పిల్లలు డాక్టరు చదువు కొరకు ఆ దేశమునకు వెళ్ళుచున్నారు. నాట్ల సమయము గనుక బావగారు పొలము విడిచి కదలలేక, "నీవే ఒకసారి వెళ్ళి అమ్మాయిని చూచి రావయ్యా" అన్నారు.

రాజధాని తాష్కెంటునుండి అందిజానుకు రైలులో సుమారు ఆరు గంటల ప్రయాణము. దారిలో పెద్ద కొండలు అడ్డముగా నున్నవి. 2016లో ఆ కొండలను తొలిచి 19 కిలోమీటర్ల పొడవైన సొరంగము వేసి రైలు నడిపించారు. సొరంగము దాటగానే ఫర్గానా లోయ. ప్రత్తి చేలు, పండ్లతోటలు, ఎక్కడ చూచినా మల్బరీ చెట్లు. పట్టుకు పేరుపొందిన మర్గిలాన్ పట్టణము ఈ లోయలోనిదే. అక్కడి అత్లస్ పట్టుబట్టను చూస్తే మన పోచంపల్లి చీర గుర్తుకు వస్తుంది. రెండింటిలోను నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు.

స్టేషనులో మేనకోడలు తన ఇంటి యజమానురాలితో కలిసి వచ్చింది. నేను అలవాటు చొప్పున, "ఏమ్మా, నల్లబడ్డావే!" అన్నాను. పిల్ల ముఖము చిన్నబోయింది. ప్రక్కనున్న ఆ పెద్దావిడ కుడిచేతిని గుండెపై ఉంచి నాకు నమస్కరించి, నేనేమన్నానని అమ్మాయిని అడిగింది. అమ్మాయి చెప్పలేదు.

ఆ ఇంటి ఆవిడను మా పిల్ల "ఖోలా" అని పిలుస్తుంది. అంటే పిన్ని అని అర్థము. సాయంకాలము నేలమీద వస్త్రము పరచి, గుండ్రని రొట్టెలు, ఎండుద్రాక్ష పెట్టి, పాలు లేని పచ్చటీని చిన్న గిన్నెలలో కొంచెము కొంచెముగా పోసి ఇచ్చారు. గిన్నె నిండా పోయకుండుటే అక్కడ మర్యాద. అంతలో పొరుగింటి ఆవిడ వచ్చింది. ఖోలా ఆమెను చూడగానే, "ఓచిలిబ్ కెతిబ్‌సిజ్!" అన్నది. "పువ్వులాగా విచ్చుకున్నారు" అని భావమట. వచ్చినామెకు అరువది ఏండ్లుంటాయి. ముఖమంతా నవ్వు నిండింది.

"ఇక్కడ ఇట్లాంటి మాటలు చాలా ఉన్నాయి మామయ్యా. ఆసుపత్రిలో రోగులు ఉజ్బెకు భాషలోనే మాట్లాడుతారు. పాఠములోని మాటలు చాలవు గనుక ఈ మాటలు కూడా వ్రాసుకుంటున్నాను" అని అమ్మాయి తన నోటు పుస్తకము చూపించింది.

అందులో అందము గురించిన పలుకుబడులు ఒక పేజీ నిండా ఉన్నవి. "ఓయ్‌దయ్" అంటే చంద్రునివంటి. మనము చందమామవంటి ముఖమని చెప్పినట్లే. "సర్వ్‌కోమత్" అంటే సైప్రస్ చెట్టువలె నిటారైన రూపము గలవాడు లేక గలది. "కోజ్‌గ యకిన్" అంటే కంటికి దగ్గరగా ఉన్నది, అనగా చూడముచ్చటైనది. కొత్త బట్ట కట్టుకున్నవారితో "తోయ్‌లర్గ బుయుర్సిన్" అంటారు. ఈ బట్ట మీకు పెండ్లి వేడుకలకు అచ్చిరావాలి అని ఆ మాటలోని కోరిక. బట్ట బాగున్నదని చెప్పి ఊరుకోక, దానిని కట్టుకున్న మనిషికి మేలు కోరుతారు.

ఆ ప్రాంతపువారి అందము పాత సంగతే. 1483లో అందిజానులో పుట్టి, తరువాత మన దేశములో మొగలు రాజ్యమును స్థాపించిన బాబరు, తన ఊరివారిలో అందమైనవారు చాలామంది అని స్వీయచరిత్రలో వ్రాసుకున్నాడు. ఆ గ్రంథమును ఆయన వ్రాసినది నేటి ఉజ్బెకుకు తల్లివంటి తుర్కీ భాషలోనే.

మరునాడు ఖోలా మనుమడిని ఎత్తుకొని, నేను నేర్చుకున్న ఒక్క మాటతో "చిరోయ్లీ, చిరోయ్లీ" అన్నాను. అందగాడని నా ఉద్దేశము. ఖోలా నవ్వింది గాని, నా వైపే చూచుచున్నది. అమ్మాయి నా చెవిలో, "కోజ్ తెగ్మసిన్ అనండి మామయ్యా" అన్నది. కన్ను తగలకుండును గాక అని అర్థము. అంటే మన దిష్టే! అక్కడ ఇసిరిక్ అనే ఎండిన మొక్కను కాల్చి ఇల్లంతా పొగ వేస్తారు. దిష్టియందు నాకు నమ్మకము లేదు. అయినా, మెచ్చుకోలు ఎదుటివారికి కీడు కాకూడదు అన్న ఆ జాగ్రత్త నాకు నచ్చింది. ఆ మాట అన్నాను. ఖోలా మనస్సు కుదుటపడింది.

ఆ దేశములో అందరూ రంగును పట్టించుకోరని నేను చెప్పను. అక్కడా తెల్లని పిల్లను "ఒప్పోక్" అని ముద్దు చేస్తారు. చామనచాయను "బుగ్దోయ్‌రంగ్", గోధుమరంగు అంటారు. ఆ "రంగ్" మనకు కొత్త మాట కాదు. అయితే "కోరకోజ్", నల్లకన్నులవాడా అని బిడ్డలను ముద్దుగా పిలిచేదీ అక్కడే.

ఆ పేజీలో ఒక్క మాట క్రింద మాత్రము రెండు గీతలున్నవి. "ఇస్తరసి ఇస్సిక్." నేను అడిగితే అమ్మాయి కొంతసేపు మాట్లాడలేదు.

"ఇస్తర అంటే నక్షత్రము మామయ్యా. మన సితార అన్న మాటకు బంధువు. ఇస్సిక్ అంటే వెచ్చన. ఈమె నక్షత్రము వెచ్చనిది, చూడగానే మనస్సుకు దగ్గరవుతుంది అని. తెల్లగా ఉన్నా, నల్లగా ఉన్నా అనవచ్చును. నేను వచ్చిన మొదటి నెలలో ఖోలా నన్ను చూపించి పొరుగింటివారితో ఈ మాట అన్నది. అర్థము కాక నిఘంటువులో వెదికాను. తెలిసిన రోజున చాలాసేపు ఏడ్చాను. ఊరిలో నన్ను అందరూ నల్లపిల్ల అనే పిలిచారు గదా."

నేను తల వంచుకున్నాను. ఆ పేరు మొదట పెట్టినది నేనే. ఉయ్యాలలో ఉన్న బిడ్డను చూచి నవ్వులాటకు అన్నాను. ఇంటిల్లిపాదీ అందుకున్నారు. ఇరువది సంవత్సరములు ఆ పిల్ల దానిని మోసింది.

ఆ రాత్రి ఆలోచిస్తే, మనకూ అట్టి మాట ఉన్నదని తోచింది. "కళగల ముఖము" అంటాము. కళ రంగులో ఉండదు, చాయలో ఉండదు. మన పెద్దలు ఇచ్చిన ఎంత మంచి మాట! దానిని పెండ్లిచూపులలో రంగు తక్కువైన పిల్లకు సర్దుబాటుగా వాడి చౌక చేసినది మనమే.

తిరుగు ప్రయాణము నాడు ఖోలా ఒక సామెత చెప్పింది. అందము పెండ్లినాడు కావాలి, బుద్ధి ప్రతిదినము కావాలి అని. రైలు ఎక్కే ముందు నేను అమ్మాయితో, "ఇస్తరంగ్ ఇస్సిక్, కిజిమ్" అన్నాను. కిజిమ్ అంటే నా కుమార్తె. నా ఉచ్చారణకు పిల్ల పకపక నవ్వి, రెండుసార్లు దిద్దించింది. తరువాత తెలుగులోనే, "కళగా ఉన్నావమ్మా. నేనన్న పాత మాట మరచిపో" అన్నాను. ఈసారి కళ్ళు తుడుచుకున్నది నేను.

తల్లిదండ్రులారా, మేనమామలారా, మేనత్తలారా! సెలవులకు బిడ్డ ఇంటికి వచ్చినప్పుడు, గుమ్మములో మీ నోటినుండి వచ్చే మొదటి మాట ఏదో ఒకసారి ఆలోచించండి. దానికి ఉజ్బెకు భాష నేర్వనక్కరలేదు. మన తెలుగు చాలును.