పిల్లులును, అంగడిలో దొరకు పురుగుమందులును

మన యిండ్లలో పిల్లిని పెంచువారు దానికి పాలు పోయుదురు, పేరు పెట్టుదురు. కాని దాని యొడలి పురుగుల విషయమున మాత్రము కుక్కకు జేయు చికిత్సయే దానికిని జాలునని తలంచుదురు. ఈ తలంపు వలన పిల్లులు చచ్చుచున్నవి. కావున మేమీ సంచికయందు ఈ చిన్న విషయమునే వ్రాయ బూనితిమి. పులులను గూర్చియు సింహములను గూర్చియు వ్రాయువారు తరగతికి నలుగురు గలరు.

పిల్లి బొచ్చులో దూకుచు దిరుగు సన్నని గోధుమవర్ణపు పురుగును ఆంగ్లమున ఫ్లీ యందురు. ఇది పేను కాదు, పిడుదును గాదు. దీనిని జంపుటకు వైద్యుని చీటి లేకయే అంగడులలో పొడులును, మెడపట్టీలును, మెడవెనుక చర్మముపై వేయు చుక్కలును అమ్ముదురు. వీనిలో పిల్లికి మిక్కిలి ప్రమాదకరమైనది పెర్మెత్రిన్.

పూర్వము చామంతి జాతికి జెందిన యొక తెల్లని పూవు నుండి పురుగులను జంపు పొడిని దీయుచుండిరి. దానిలోని సారమును మాదిరిగా గైకొని 1973లో ఇంగ్లండు నందలి రోథామ్‌స్టెడ్ పరిశోధనాలయమున మైఖేల్ ఎలియట్ మున్నగువారు పెర్మెత్రిన్‌ను నిర్మించిరి. దోమతెరలకు సైతము దీనిని బట్టింతురు. మన కాలేయమును, కుక్క కాలేయమును దీనిని విరిచి వెలికి బంపగలవు. పిల్లి కాలేయమున నిట్టి విషములను గ్లూకురోనిక్ ఆమ్లముతో జతపరచు ఎంజైములు మిక్కిలి కొరత. మనము జ్వరమునకు మ్రింగు పారాసెటమాల్ మాత్ర యొక్కటి పిల్లిని జంపగలుగుటకును ఈ కొరతయే ముఖ్యకారణము. ఫినైలు వేసి తుడిచిన నేలపై నడచి పాదములు నాకుకొను పిల్లికిని ఇట్టి యపాయమే కలదు.

గత వర్షకాలమున మా పొరుగింటి పిల్లికి ఈ పురుగులు పట్టెను. అంగడివాడు కుక్కబొమ్మ గల గొట్టము నొకదానిని దెచ్చి, "అయ్యా, పిల్లి చిన్నది గదా, సగము వేయండి, చాలును" అనెను. కుక్కల చుక్కలలో కొన్నిటియందు పెర్మెత్రిన్ నూటికి 40 పాళ్లకు మించి యుండును. సగమన్న మాటకు అర్థమేమి? సాయంకాలమునకు పిల్లి చెవులు అదరజొచ్చెను. రాత్రికి కాళ్లు నిలువక, నోట చొంగ కారుచు, ఒడలెల్ల వణకెను. మేము పోయి గొట్టము చూచితిమి. పిల్లులకు వాడరాదని దానిపై నున్నది. కాని ఆవగింజంత యక్షరములలో, ఆంగ్లమున. ఆ యింట ఆంగ్లము చదువగలది తొమ్మిదవ తరగతి బాలిక యొక్కతె. ఆమె నెవరును చదువుమని యడుగలేదు.

గిన్నెలు తోము ద్రవపు సబ్బుతో, గోరువెచ్చని నీట మెడను గడిగి, తువాలు చుట్టి పశువైద్యుని యొద్దకు గొనిపోయిరి. నీరు మిక్కిలి వేడిగా నున్న మందు చర్మములోనికి మరింత దిగును. మూడవనాటికి పిల్లి తనంతట నీరు త్రాగెను. ఆలస్యమైన యెడల మూర్ఛలు వచ్చి ప్రాణము పోవుటయు గలదు. చుక్కలు వేసిన కుక్క ప్రక్కన పండుకొన్నను పిల్లికి విషము తగులవచ్చును.

అమెరికాలో పర్యావరణ రక్షణ సంస్థ వారు 2009లో ఇట్టి చుక్కలను గూర్చి హెచ్చరించి, 2010లో పైచీటి వ్రాతలు స్పష్టముగా నుండవలెనని పూనుకొనిరి. పిల్లులకే తయారైన ఫిప్రోనిల్ చుక్కలు కలవు. బరువును వయస్సును జూచి వైద్యుని యడిగి వాడవలెను. వానినే కుందేలుకు వేసిన నది చచ్చుటయు గలదు.

పాలు మరువని పిల్లకూనలకు సన్నపండ్ల దువ్వెనయు, పురుగులను ముంచుటకు సబ్బునీటి గిన్నెయు మేలు. పెద్దపురుగు పిల్లిపై నుండును గాని, దినమునకు 40 వరకు పెట్టు గ్రుడ్లు చాపలమీదను నేలబీటలలోను రాలును. కావున పిల్లి పండుకొను గోనెపట్టాను వారమునకొకసారి వేడినీట నుదికి యెండవేయవలెను. గూటిలోని పురుగు వారములకొలది కదలక యుండి, అడుగుల అదురు తగిలినంతనే వెలికి వచ్చును. వేసవి సెలవులకు మూసిన యిల్లు తెరచిన నాడు, పిల్లి లేకున్నను, మన కాళ్లపైకి అవి దూకుట యందుచేతనే.