మాట వినిపించే పెట్టె

మా పాలకోడులో ఈమధ్య ఏ ఇంట శుభకార్యం జరిగినా వాకిట్లో ఒక నల్లటి పెట్టె కనిపిస్తూ ఉంది. పైన పిడి, కొన్నింటికి కింద చక్రాలు, ముందువైపు గిరగిరా తిరిగే రంగుదీపాలు. దానిని పార్టీ స్పీకరు అంటున్నారు. కరెంటు పోయినా పాడుతుంది. ఫోనులో ఉన్న పాటను తీగ లేకుండానే అందుకుంటుంది. మైకు తగిలిస్తే మన గొంతునూ నలుగురికీ వినిపిస్తుంది. ఒకప్పుడు మైకుసెట్టు ఆయన బండి మీద వేసుకొచ్చే యాంప్లిఫయరు, బ్యాటరీ, రికార్డు ప్లేయరు, చెట్టుకొమ్మకు కట్టే గరాటు మైకు, అన్నీ కలిసి ఇప్పుడు ఒక్క పెట్టెలో ఇమిడిపోయినాయి.

ఇలాంటిదొకటి మా ఇంటికీ కావాలన్నారు. ఏది కొనాలన్న దగ్గర నలుగురిదీ నాలుగు దారులయింది. హోసూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి వాట్లు కావాలి. ధర్మపురిలో కాలేజీకి పోయే అమ్మాయికి మైకు కావాలి. మా ఆవిడ అడిగింది ఒక్కటే: “మీరంతా ఊరికి పోయినాక దాన్ని ఈ గదిలోనుంచి ఆ గదిలోకి ఎత్తి పెట్టేది నేనే గదా, బరువెంత?” ఎనభై దాటిన మా అమ్మ అడిగినది అన్నిటికంటే చిన్న కోరిక. “పాట ఇనపడతా ఉండాది గానీ మాట తెలీలేదురా. మాట తెలిసేది ఏదైనా ఉంటే చూడు.”

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. శబ్దశాస్త్రం నా చదువు కాదు. అయితే అప్పు కోసం వచ్చిన మనిషి కాగితం మీద చూపే అంకె ఎంత, నిజంగా చేతికొచ్చే రాబడి ఎంత అని లెక్కకట్టడమే ముప్పై ఏళ్లుగా నా పని. స్పీకరు అట్టపెట్టె మీది అంకెలను కూడా అదే కంటితో చదివాను. అమ్మ అడిగిన మాటే అసలు కొలబద్ద అని ఆ లెక్కలే నాకు చెప్పినాయి.

మొదట వాట్ల సంగతి. 1990లలో టేప్ రికార్డర్ల మీద పి.ఎం.పి.ఓ. అని వందలూ వేలూ వాట్లు అచ్చువేసేవారు. ఆ అంకెకు స్థిరమైన కొలత అంటూ లేదు. ఒక్క క్షణంలో ఒక్క విదిలింపుకు ఎంత శక్తి రాగలదో ఊహించి వేసుకున్న లెక్క అది. ఆస్తి విలువను అమ్మేవాడే రాసుకొచ్చినట్లు! నిలకడగా ఇవ్వగల శక్తిని ఆర్.ఎం.ఎస్. వాట్లలో చెబుతారు. చూడవలసింది దానినే.

అది చూసినా ఇంకొక మెలిక ఉంది. వాట్లు రెట్టింపయితే శబ్దం రెట్టింపు కాదు, 3 డెసిబెళ్లు మాత్రమే పెరుగుతుంది. మన చెవికి శబ్దం రెండింతలయిందని అనిపించాలంటే దాదాపు 10 డెసిబెళ్లు పెరగాలి, అంటే పదింతల వాట్లు కావాలి. 20 వాట్ల పెట్టెకు బదులు 160 వాట్ల పెట్టె తెచ్చుకున్నామనుకోండి. వాట్లు ఎనిమిదింతలయినా పెరిగేది 9 డెసిబెళ్లే. ఒక ఉదాహరణ చూద్దాం. జె.బి.ఎల్. కంపెనీ పార్టీబాక్స్ 110 అనే పెట్టెకు 160 వాట్లు అని, ఆన్-ది-గో అనే దానికన్నా చిన్నదానికి 100 వాట్లు అని ప్రకటించింది. మిగతావన్నీ సమానమనుకుంటే ఈ రెండింటికీ నడుమ తేడా 2 డెసిబెళ్లు. బరువులో తేడా చూస్తే పెద్దది దాదాపు 11 కిలోలు, చిన్నది ఏడున్నర. 2 డెసిబెళ్ల తేడాను చెవి పట్టుకుంటుందో లేదో గానీ మూడున్నర కిలోల తేడాను నడుము తప్పకుండా పట్టుకుంటుంది. మా ఆవిడ ప్రశ్నలో ఉన్న న్యాయం అప్పుడు మా అబ్బాయికీ తెలిసింది.

ఇక ఆ శబ్దాన్ని ఎక్కడ వాడుకుంటామన్నది రెండో ప్రశ్న. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితి. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. సొంత ఇంట్లో పెట్టుకున్న పెట్టె అయినా ఇంటి సరిహద్దు దగ్గర ఆ పరిమితిని 5 డెసిబెళ్లకు మించి దాటరాదని 2010లో వచ్చిన సవరణ చెబుతుంది. అంటే పగలు 60, రాత్రి 50. ఎదురెదురుగా కూర్చొని మామూలుగా మాట్లాడుకునే గొంతు దాదాపు 60 డెసిబెళ్లుంటుంది. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. మీటరు దూరంలో 85 ఉంటే రెండు మీటర్లకు 79, నాలుగుకు 73, ఎనిమిదికి 67, పదహారు మీటర్లు పోయినా 61. మా మిద్దె అంచుకూ పక్కింటి గోడకూ మధ్య మూడు మీటర్లు లేదు. మరి 160 వాట్లను ఎక్కడ పోసుకోవాలి?

చట్టం మాట అటుంచుదాం. గోడకు అవతల ఉన్నవాళ్లు మనవాళ్లే. మా పక్కింటి తమిళ కుటుంబంతో మాకు ఇరవై ఏళ్ల చెలిమి. వాళ్లింట ధనుర్మాసంలో త్యాగరాజ కీర్తనలు పెడతారు. గోడ అవతల వాళ్లకు రాగం అందుతుంది, గోడ ఇవతల మాకు మాట కూడా అందుతుంది. మన భాష వాళ్లింట్లోనుంచి మనింటికి రావడం ఎంత ముచ్చట! మార్చి నెలలో వాళ్ల పిల్లవాడు పబ్లిక్ పరీక్షకు చదువుకునేటప్పుడు మన పెట్టె ఆ గోడను అదరగొడితే ఆ ముచ్చట ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఇప్పుడు అమ్మ కోరికకు వస్తాను. పాట వినిపిస్తూ మాట తెలియకపోవడం ఎట్లా? వయసు పైబడేకొద్దీ చెవి మొదట పోగొట్టుకునేది సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను. అచ్చుల బలమంతా చాలావరకు కింది స్థాయిలో ఉంటుంది. చ, స, త వంటి హల్లుల చప్పుడు ఎక్కువగా 2000 హెర్ట్జులకు పైన ఉంటుంది. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు పలుకుతుందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ అచ్చులను నిలబెట్టి మాటకు ఆకారం ఇచ్చేవి హల్లులే. పాలు, కాలు, చాలు, రాలు. ఈ నాలుగింటిలోనూ అచ్చులు ఒకటే. మొదటి హల్లు జారిపోతే నాలుగూ ఒకే మూలుగు. అమ్మకు వినిపిస్తున్నది ఆ మూలుగే.

పార్టీ కోసమని చేసిన పెట్టె చాలావరకు గుండెలో దడదడలాడే డప్పుమోతను పెంచేలా తయారవుతుంది. ఆ మోత ఉండేది 150 హెర్ట్జుల లోపల. కింది స్థాయి ధ్వని గట్టిగా ఉంటే పై స్థాయి ధ్వనిని కప్పేస్తుంది. కాబట్టి మాట తెలియడం లేదని శబ్దం పెంచితే మోతా పెరుగుతుంది, మాట ఇంకా మునిగిపోతుంది. మంచి చెవులున్నవాళ్లకే ఇట్లా అయితే ముసలివాళ్ల సంగతి చెప్పాలా? పాత రేడియోలో డప్పుమోత పెద్దగా లేదు, వార్తలు మాత్రం వంటింట్లో పని చేసుకుంటున్నవాళ్లకూ మాట మాటా తెలిసేది. టెలిఫోను తీగ 300 నుంచి 3400 హెర్ట్జుల దాకా మాత్రమే మోసేది. అంతమాత్రంతోనే లోకమంతా మాట్లాడుకుంది.

కొట్టుకు పోయినప్పుడు మేము చేసిన పరీక్షలు ఇవి. ధర్మపురిలోని ఆ కొట్టువాళ్లు మొదట వాళ్ల పాటే వేశారు. దానిలో మోత తప్ప మాట లేదు, అద్దాల తలుపు మాత్రం అదిరింది. తరువాత మా అమ్మాయి తన ఫోనులోనుంచి ఘంటసాల పాట ఒకటి, వార్తలు చదివే గొంతు ఒకటి వేసింది. శబ్దాన్ని బాగా తగ్గించి పది అడుగులు వెనక్కి పోయి నిలుచున్నాం. తక్కువ శబ్దంలో మాట తెలిసే పెట్టె ఎక్కువ శబ్దంలోనూ చాలావరకు తెలుపుతుంది. పెద్ద శబ్దంలో బాగుందని తెచ్చుకున్నది ఇంట్లో తగ్గించి పెడితే మూగబోవచ్చు. పెద్ద మోత స్పీకరుతో పాటు సన్నని ధ్వనులకు వేరే చిన్న స్పీకరు ఉందా, మోతను తగ్గించి సన్నధ్వనిని పెంచుకునే వీలు ఉందా అని కూడా చూశాం.

మైకు పరీక్షకు మా అమ్మాయి పాడబోతే నేను వద్దని, అంకెలు చదవమన్నాను. ఆరు, ఏడు, నూరు, వేయి. ప్రతిధ్వని మీటను పూర్తిగా తగ్గించినప్పుడు గొంతు ఎట్లా ఉందో అదే అసలు గొంతు. ప్రతిధ్వని కలిపితే ఎవరి పాటైనా కమ్మగానే ఉంటుంది, లోపాలన్నీ అందులో కలిసిపోతాయి. మైకును పెట్టెకు ఎదురుగా పట్టుకుంటే కూత పెడుతుంది. కాబట్టి పెట్టె ముందు, మనిషి దాని వెనుక నిలబడాలి.

బ్యాటరీ విషయంలో ఒక చిన్న లెక్క చాలు. పన్నెండు గంటలు పాడుతుందని రాసి ఉంటే అది తగ్గించి పెట్టినప్పటి మాట. బ్యాటరీ శక్తిని వాట్-అవర్లలో చెబుతారు. 40 వాట్-అవర్ల బ్యాటరీ సగటున 10 వాట్లు ఖర్చు చేస్తే నాలుగు గంటలు, 20 వాట్లయితే రెండే గంటలు. లిథియం బ్యాటరీ ఏటేటా కొంత సత్తువ పోగొట్టుకుంటుంది. దాన్ని మార్చే వీలుందా, ఉంటే ఎంత అవుతుంది అని ముందే అడగాలి. యంత్రానికి తరుగుదల వేసేటప్పుడు మొదట తరిగే భాగం ఏదో చూడమని మా లెక్కల మాస్టారు చెప్పేవారు. ఇక్కడ అది బ్యాటరీయే. ఐ.పి.ఎక్స్.4 అని ఉంటే నీటి తుంపరలకు ఓర్చుకుంటుందని అర్థం. ఆ ఎక్స్ అనే అక్షరం దుమ్ముకు పరీక్ష జరగలేదని చెబుతుంది. మా ఎర్రమట్టి ఊళ్లో గుడ్డ కప్పి పెట్టుకోవలసిందే.

వడ్డీ లేని కంతులు అన్న బోర్డు చూసి మురిసిపోకండి. సున్నా వడ్డీ అనేదంటూ లేదని 2013 సెప్టెంబరులోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులకు స్పష్టం చేసింది. రొక్కం ఇస్తే ధర ఎంత, కంతుల్లో అయితే రుసుములతో కలిపి మొత్తం ఎంత అని రెండు అంకెలు పక్కపక్కన రాసి చూపమనండి. ఆ రెండింటి మధ్య తేడాయే వడ్డీ.

చివరికి మేము తెచ్చుకున్నది చిన్నదే. మా ఆవిడ ఒక చేత్తో ఎత్తగలదు. అబ్బాయి కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. “నాయనా, పెండ్లికి ఇది చాలదు” అన్నాడు. పెండ్లికి కావాలంటే మైకుసెట్టువాళ్లు ఉన్నారు, ఒక్క పూటకు బాడుగ ఇస్తే సరిపోతుంది. ఏడాదిలో ఒక్క రోజు కోసం మిగతా రోజులన్నీ పెద్ద పెట్టెను మోయడం ఏ లెక్కలోనూ కుదరదు.

ఆ పెట్టెను మా అమ్మాయి వాడుకున్న తీరు నేను ముందుగా అనుకోనిది. తమిళనాడులో 2006లో చేసిన చట్టంతో ఆ విద్యాసంవత్సరం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి క్రమంగా బడులలో తమిళం తప్పనిసరి పాఠమయింది. మా పిల్లలు ఆ తరం వాళ్లు. తమిళం చక్కగా వచ్చింది, మంచిదే. తెలుగు మాత్రం వాళ్లకు చెవితో వచ్చిందే తప్ప కంటితో రాలేదు. ఇంట్లో మాట్లాడతారు, అక్షరం కూడబలుక్కొని చదువుతారు. అవ్వ పాడే పెండ్లి పాటలు, హారతులు, దంపుళ్ల పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. ఉన్నా వీళ్లు చదవలేరు. మా అమ్మకు తెలిసినవి ఆమెతోనే ఉన్నాయి.

అమ్మాయి ఆ పాటలను ఒక్కొక్కటిగా ఫోనులో పట్టి, ఈ పెట్టెలో వేసి, అవ్వకే వినిపిస్తున్నది. తన పాట తనకు మాట మాటగా వినపడేసరికి అమ్మ మధ్యలో ఆపమంటుంది. “ఆడ తప్పు పాడినా, మళ్లా పట్టు” అంటుంది. ఎప్పుడో మరచిన చరణం ఒక్కోసారి అట్లా గుర్తుకొస్తుంది. అమ్మాయి ఆ మాటకు అర్థం అడుగుతుంది. అవ్వ చెబుతుంది. ఇప్పటికి పదకొండు పాటలయినాయి.

కాబట్టి మీరు ఇంటికి స్పీకరు కొనడానికి పోయేటప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ల మాట ఒకటి ఫోనులో పట్టుకొని పొండి. కొట్టువాళ్ల పాట అయిపోయినాక దాన్ని వేయమనండి. మాట మాటా తెలిస్తే ధర అడగండి. తెలియకపోతే పక్క పెట్టె చూడండి.