‘పరీక్షించాను’ అని రాసిన అబద్ధం

మహిమలు చెప్పేవాళ్ళని ‘మీరు స్వయంగా చూశారా?’ అని నేను ఎన్నిసార్లు నిలదీశానో లెక్కలేదు. నిరుడు అదే ప్రశ్న నాకు ఎదురైంది. నా దగ్గర జవాబు లేదు.

బి.కాం. చదివి రక్షణశాఖ లెక్కల్లో చేరి, కోల్‌కతాలో (మా నోట ఇప్పటికీ కలకత్తాయే) రిటైరయ్యాను. లెక్కలవాణ్ణి ఎవరు ఊరికే కూర్చోనిస్తారు? అపార్ట్‌మెంట్ సొసైటీ ట్రెజరర్ పని నాకే తగిలింది. పాత కంప్యూటర్‌లో డెబియన్ లినక్స్ వేసుకుని, ఉచితంగా దొరికే ఒక చిన్న ఖాతాల ప్రోగ్రాంతో నెట్టుకొస్తున్నాను. దాని పేరు అనవసరం. ఈ కథలో పెద్ద తప్పు నాది.

ఒక నెల బ్యాంకు స్టేట్‌మెంట్ ఎక్కిస్తే నిల్వ కలవలేదు. వెతికితే లక్ష దాటిన పద్దులు మాత్రమే మాయం. 95,000 ఎక్కింది, 1,25,000 ఎక్కలేదు. కామాకీ కామాకీ మధ్య మూడంకెలు లేకపోతే అది అంకే కాదని ప్రోగ్రాం ఆ వరసను చడీచప్పుడూ లేకుండా వదిలేస్తోంది! రాసినవాళ్ళకు మన లక్షలూ కోట్లూ తట్టలేదు మరి.

కొత్త వెర్షన్‌లో దీన్ని అప్పటికే దిద్దారు. కాని డెబియన్ ‘స్టేబుల్’లో ఉన్నది పాతది. స్టేబుల్ ఒకసారి విడుదలయ్యాక అందులోకి మామూలుగా కొత్త వెర్షన్లు రానివ్వరు, ముఖ్యమైన తప్పుల దిద్దుబాట్లనే రానిస్తారు. కొత్తదాంట్లోని దిద్దుబాటును ఒక్కదాన్నే విడదీసి పాతదానికి అతకడమే బ్యాక్‌పోర్ట్. మనవాళ్ళకు తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతం ఇరుక్కున్న ‘జ్ఞా’ తెరమీదికొస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. (జ్ఞానం ఎవరికైనా కష్టమే.) బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ కొన్ని అక్షరాలకు ఇదే గతి. పరీక్షల్లో ఉన్న 11.3 వెర్షన్‌లో ఆ తప్పు అప్పటికే దిద్దివుంది. జనం అంతదాకా ఆగలేరు కాబట్టి, ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 అని ఒకటి విడిగా వదిలింది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి కొడుకు దారి చూపించాడు. దిద్దుబాటు అంతా కలిపి పదీ పన్నెండు పంక్తులు. దాని నెత్తిన అది ఎక్కడిది, ఎవరు రాశారు, ఎందుకు అనేవి రాయాలి. అచ్చం మా వోచర్ పద్ధతే, నాకు ప్రాణం లేచొచ్చింది. నా వయసు, డిగ్రీ ఎవరూ అడగలేదు. కింద ‘పరీక్షించాను’ అని రాసి పంపేశాను.

నాలుగు రోజులకు ఆ ప్యాకేజీ చూసుకునే ఆయన నుంచి ఒక్క వాక్యం వచ్చింది. ‘స్టేబుల్ మీద నడిపి చూశారా?’

మావాడికి ఫోన్ చేశాను.

“పాతదానికి చక్కగా అతుక్కుంది కదరా!”

“అతుక్కోవడం వేరు, పనిచెయ్యడం వేరు పెదనాన్నా. మీరు చూసింది కొత్త వెర్షన్‌లో కదా?”

అవును. అక్కడ పనిచేసింది, ఇక్కడా చేస్తుందిలే అనుకున్నాను. ఉద్యోగంలో ఉండగా, సరుకు చూడకుండా ‘సరిచూడబడినది’ అని సంతకం పెట్టినవాళ్ళ ఫైళ్ళు తిప్పి పంపినవాణ్ణి నేను!

ఆ రాత్రే స్టేబుల్ మీద నడిపాను. లక్షలు ఎక్కాయి. కాని తేడా 2,50,000 వచ్చింది. తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి, లేదంటే సగం చేసి ఆ మొత్తం ఏ పద్దులో ఉందో వెతకాలి. ఇది మా పాత గుమాస్తా విద్య. సగం చేస్తే 1,25,000. లిఫ్టు మరమ్మతుకు ఇచ్చిన సొమ్ము జమవైపు కూర్చుంది! మా బ్యాంకు చెల్లింపులను బ్రాకెట్లలో చూపిస్తుంది. కొత్త వెర్షన్ ముందు బ్రాకెట్ చూసి, ఆ తరవాత కామాలు తీసేస్తుంది. పాతదాంట్లో ఆ వరస తిరగబడి ఉంది. నా ప్యాచ్ కామాలతో పాటు బ్రాకెట్లనూ ఊడ్చేసింది. ఇంతకుముందు పద్దు కనబడకుండా పోయేది, నా పుణ్యమా అని ఇప్పుడు ఖర్చు కాస్తా ఆదాయమైంది.

మంచి ఉద్దేశంతో చేసే దిద్దుబాటు ఎంత దూరం పోతుందో డెబియన్‌కు బాగా తెలుసు. 2006లో, తప్పులు పట్టే ఒక పనిముట్టు హెచ్చరిస్తోందని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో రెండు పంక్తులు పక్కన పెట్టారు. ముందుగా దాని తయారీదార్లను అడిగారు కూడా, వద్దని వాళ్ళు అనలేదు. ఆ పంక్తుల్లో ఒకటి, రహస్య తాళాలకు కావలసిన యాదృచ్ఛికతను అందించేది. అది పోయాక, ఒక్కో రకం తాళానికి మిగిలినవి ఉజ్జాయింపుగా 32,768 అవకాశాలే. ఎవరైనా వరసబెట్టి ప్రయత్నించి తెరవచ్చు. లూసియానో బెల్లో పట్టుకున్నాక, 2008 మే 13న డెబియన్ ఆ సంగతి తనంతట తానే బయటపెట్టింది. అప్పటికి ఏడాదిన్నర దాటింది.

నాది సొసైటీ లెక్కే కావచ్చు. అయినా ‘లేదు, నడిపి చూడలేదు. ఇప్పుడు చూస్తే తప్పు తేలింది. దయచేసి తీసుకోవద్దు’ అని రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. ‘మంచిది, కొత్తది పంపండి’ అని జవాబు. అంతే! నేను మెటికలు విరుస్తారనుకున్నాను.

బ్రాకెట్ వరస సరిచేసి, ఈసారి పదకొండు రకాల పద్దులు స్టేబుల్ మీదే నడిపి, ఫలితాలు జతచేసి పంపాను. స్టేబుల్ తరవాతి విడతలో అది వచ్చింది. ఆ నెల నిల్వ పైసాతో సహా కలిసింది.

మార్పుల చిట్టాలో నా పేరు ఉంది. ‘పరీక్షించాను’ అన్న మొదటి ఉత్తరం, దాన్ని వెనక్కి తీసుకున్న రెండోది కూడా డెబియన్ రికార్డులో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.