ఆరవ సంఖ్య

వ్యాకరణము చదివినవారికి ‘బహుళము’ అను మాట సుపరిచితము. అత్వసంధి బహుళమందుము. ఒకచోట నగును, వేరొకచోట కాదు, మరియొకచోట వికల్పముగ నగును. లొంగని ప్రయోగము కనబడినను సూత్రమునకు హాని లేదు. చిరకాలము తెలుగు బోధించిన నాకు, గణితమున నట్టి సౌకర్యము లేదని తెలిపినది యొక సంఖ్య. అది 429,49,67,297.

దీని కథ ఫ్రాన్సు దేశమున మొదలైనది. పదునేడవ శతాబ్దమున తులూజ్ నగరమున ఫెర్మా యను న్యాయాధికారి యుండెను. కొలువు పనులు పోగా మిగిలిన కాలమును ఆయన సంఖ్యల పరిశీలనమున గడిపెడివాడు. 2ను, దాని వర్గమగు 4ను, 4 వర్గమగు 16ను, ఇట్లే 256, 65,536లను తీసికొని, ఒక్కొక్కదానికి 1 కలిపి చూచెను. 3, 5, 17, 257, 65,537 వచ్చినవి. ఈ యైదును ప్రధాన సంఖ్యలే. అనగా 1యు, తానును తప్ప వేరు భాజకము లేనివి. తరువాత వచ్చు నారవదియే మన సంఖ్య. ఈ వరుసలోనివన్నియు ప్రధాన సంఖ్యలే యని ఫెర్మా 1640లో మిత్రులకు వ్రాసెను. నిరూపణము మాత్రము తనకు దొరకలేదని దాచక చెప్పెను.

పాఠశాలలో నేర్చు పరీక్షలు ఫెర్మా పక్షముననే సాక్ష్యమిచ్చును. ఈ సంఖ్య బేసి. కడపటి అంకె 7. కావున 5చే భాగింపబడదు. అంకెల మొత్తము 59. కావున 3చే భాగింపబడదు. దీని వర్గమూలము ఇంచుమించు 65,536. అంతలోపల గల ప్రధాన సంఖ్యలు 6,542. అన్నిటితోను భాగించి చూచుటకు ఎంత యోర్పు కావలయును!

స్విట్జర్లండున జన్మించిన ఆయిలర్ 1732లో రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గు నగరమున నుండెను. వయస్సు ఇరువదియైదేండ్లు. మన సంఖ్య 641చే నిశ్శేషముగ భాగింపబడునని అతడు చూపెను. 641ని 67,00,417చే గుణించి చూడుడు. దీనిని భాగించు ప్రధాన సంఖ్య యేదైనను, 64చే భాగించినపుడు 1 శేషము గలదై యుండవలెనని ఆయిలర్ తరువాత నిరూపించెను. అట్టివి వరుసగా 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నముననే తాళము తెరచుకొనును!

ఈ గుణకారమును నేను ఎనిమిదవ తరగతివారిచే చేయించెడివాడను. ఒక బాలిక, “అంతటి గొప్పవారి మాట తప్పని మేము తేల్చవచ్చునా, మాస్టారూ?” అని యడిగినది. “గుణించిన చేయి యెవరిదని గణితము అడుగదమ్మా” అంటిని.

ఈ వరుసలో ఆరవ ప్రధాన సంఖ్య నేటివరకు ఎవ్వరికిని దొరకలేదు. ఇక లేదని నిరూపించినవారును లేరు. అందుచేత గణితజ్ఞులు ‘లేదు’ అనరు, ‘కనబడలేదు’ అందురు. మాటను ఇంత తూచి వాడు శాస్త్రమును తెలుగు పండితుడు ప్రేమింపకుండునా? పిల్లలారా! ఐదుమారులు నిజమైన మాటను విన్నపుడు, ఆరవదానిని కూడ పరీక్షింపుడు.