చుక్కలా? స్ప్రేనా?

అలర్జీ తుమ్ములకు ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ రాస్తే చాలామంది జడుసుకుంటారు. మాత్రయితే ఒళ్లంతా తిరుగుతుంది. ఫ్లూటికసోన్ స్ప్రేలో ఒక్కో నొక్కుకు వచ్చేది సాధారణంగా 50 మైక్రోగ్రాములే. రక్తంలో చేరేది బహుస్వల్పం. చుక్కల మందూ ఉంది, ఎక్కువగా ముక్కులో పాలిప్స్ పెరిగినవాళ్లకు రాస్తారు. తల బాగా వాల్చి వేసుకోవాలి. మెడనొప్పి ఉన్న మా అమ్మకు అదో శీర్షాసనం! అందుకే స్ప్రే.

అదీ మూడోరోజే ‘గుణం లేదే’ అంటూ పక్కన పెట్టేయబోయింది. పూర్తిగా పనిచేయడానికి వారం, రెండు వారాలు పడుతుంది మరి. పైగా ఆవిడ గొట్టాన్ని ముక్కు మధ్యగోడకే గురిపెడుతోంది. మందు అక్కడే పడుతుంటే మంట, నెత్తురు. తల కాస్త ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడిదాంట్లోకి, చెవి వైపు తిప్పి నొక్కాలి. గట్టిగా పీల్చారో, మందంతా గొంతులోకే!