మా ఎర్ర స్లెడ్

మేం మినియాపొలిస్ వచ్చిన మొదటి చలికాలంలో మావారు మూడేళ్ళ మా బుజ్జిగాడికి ఎర్ర ప్లాస్టిక్ స్లెడ్ కొనుక్కొచ్చారు. తాడు కట్టిన పెద్ద తొట్టిలా ఉంది. "నాలుగు రోజుల ముచ్చటకి ఎందుకండీ ఈ దండగ?" అని సణిగాను.

జనవరిలో ఓ రాత్రంతా మంచు కురిసింది. తెల్లారేసరికి కారు కూరుకుపోయింది. మావారు ఊళ్ళో లేరు. అత్తయ్యగారి బీపీ మాత్రలు అయిపోయాయి, ఆవిడకి కళ్ళు తిరుగుతున్నాయి. మందుల షాపు నాలుగు వీధుల అవతల. పిల్లాణ్ణి ఆవిడకి అప్పజెప్పలేను, ఎత్తుకుని మోకాల్లోతు మంచులో నడవలేను.

వాణ్ణి రగ్గులో చుట్టి స్లెడ్‌లో కూర్చోబెట్టాను. నా కాళ్ళు దిగబడుతున్నాయి గానీ స్లెడ్ మాత్రం పైపైనే జారుతోంది. బరువంతా వెడల్పుగా పరుచుకుంటుంది కదా! వచ్చేటప్పుడు మాత్రలు, పాలడబ్బా వాడి ఒళ్ళోనే.

తర్వాత ఓ పుస్తకంలో చదివాను. 1925లో అలాస్కాలోని నోమ్ ఊరికి డిఫ్తీరియా మందు చేర్చింది స్లెడ్లేనట. 20 మంది, దాదాపు 150 కుక్కలు వంతులవారీగా సుమారు 1,085 కిలోమీటర్లు అయిదున్నర రోజుల్లో లాగేశారు. మా ఇంట్లో ఆ కుక్కని నేనేనన్నమాట!

మాత్ర వేసుకుని అత్తయ్యగారు నవ్వారు. "దండగన్నావుగా అమ్మాయ్?"

ఆ ఏడు దసరాకి కారుతో పాటు దానికీ బొట్టు పెట్టాను.