జబ్బుపడిన పసిబిడ్డ నిద్ర

పిల్లల వైద్యునిగా పనిచేసిన రోజుల్లో అర్ధరాత్రి మోగే ఫోను చాలాసార్లు ఒకే మాటతో మొదలయ్యేది: "బాబు నిద్రపోవడం లేదండీ." జ్వరం ఎంత ఉంది, పాలు తాగుతున్నాడా అన్న విషయాలు నేను అడిగిన తరువాతే బయటికి వచ్చేవి. తల్లిదండ్రులను నిద్రపోని బిడ్డ భయపెడతాడు. వైద్యుణ్ణి మాత్రం లేపినా లేవని బిడ్డ భయపెడతాడు. ఈ రెంటికీ గల తేడా ప్రతి ఇంటివారికీ తెలియాలన్నదే నా తాపత్రయం.

ఒంట్లో రోగక్రిములతో పోరు మొదలైనప్పుడు రక్షణ కణాలు ఇంటర్‌ల్యూకిన్ వంటి పదార్థాలను విడుదల చేస్తాయి. అవి మెదడుపై పనిచేసి జ్వరాన్నీ, మగతనూ కలిగిస్తాయి. కనుక జబ్బులో బిడ్డ పగలు కాస్త ఎక్కువగా పడుకోవడం సహజమే. రాత్రివేళ అసలు చిక్కు ముక్కు దిబ్బడతో వస్తుంది. మొదటి కొన్ని నెలలు పసిబిడ్డలు ప్రధానంగా ముక్కుతోనే శ్వాసిస్తారు. ముక్కు మూసుకుపోతే పాలు తాగలేరు, అరకడుపుతో పడుకుని గంటకొకసారి లేస్తారు. ఇందుకు మందుల దుకాణంలో దొరికే సెలైన్ చుక్కలు చాలు. పాలిచ్చే ముందు, పడుకోబెట్టే ముందు ఒక్కొక్క ముక్కు రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేసి, నిమిషం ఆగి, మెత్తని గుడ్డతో తుడవాలి. పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టాలి.

దగ్గుతున్నాడని తల కింద దిండు పెట్టడం, బోర్లా పడుకోబెట్టడం మన ఇళ్లలో పరిపాటి. రెండూ తగవు. ఏడాది లోపు బిడ్డను జబ్బులోనైనా చదునైన, గట్టి పరుపుపై వెల్లకిలానే పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలుపెట్టిన తరువాతి సంవత్సరాలలో నిద్రలో సంభవించే ఆకస్మిక శిశుమరణాలు సుమారు సగానికి తగ్గాయి. చీర ఉయ్యాలలో వీపు వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది. ఊపిరికి ఇబ్బందిపడే బిడ్డకు అది మరింత ఇబ్బంది. బిడ్డను భుజాన వేసుకుని సోఫాలో కునుకు తీయడం అంతకన్నా ప్రమాదకరం.

పెద్దల ప్రేమతో వచ్చే కొన్ని చికిత్సలూ మానుకోవలసినవే. సాంబ్రాణి పొగ శ్వాసనాళాలను రేపుతుంది. కర్పూరం పసిబిడ్డలకు విషతుల్యం, మూర్ఛలు తెప్పించగలదు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తేగలదు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకిస్తే బాట్యులిజమ్ అనే పక్షవాతపు జబ్బు రావచ్చు. ఇక నిద్ర పడుతుందని జలుబు సిరప్ పట్టడం సంగతి. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనైలెఫ్రిన్ కలిసిన మందును 4 ఏళ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసాపై హెచ్చరిక ముద్రించాలని మన ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. ఆ మందు తెచ్చే నిద్ర స్వస్థత కాదు, మత్తు మాత్రమే.

జ్వరానికి పారాసిటమాల్ మంచి మందే, అయితే బరువును బట్టి వైద్యుడు చెప్పిన మోతాదులోనే ఇవ్వాలి. మన దేశంలో సాధారణంగా దొరికే చుక్కల మందులో 1 మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 లేదా 250 ఉంటుంది. ఒకదాని కొలత మరొకదానికి వాడితే మోతాదు నాలుగింతలు కావచ్చు. సీసాపై రాసింది దీపం వెలుగులో ఒకసారి చదివి తీరాలి. హాయిగా నిద్రపోతున్న బిడ్డను జ్వరం మందు కోసమని లేపనక్కరలేదు. దుప్పట్లు కప్పి ఉడికించనూ కూడదు.

ఒకసారి ఒక పల్లెటూరి అమ్మమ్మ వాంతులు, విరేచనాలతో ఉన్న ఎనిమిది నెలల మనవణ్ణి తెల్లవారుజామున ఆటోలో తీసుకువచ్చింది. ఇంట్లో వాళ్లంతా ఇప్పుడే నిద్రపట్టిందని సంతోషించారట. "రెండు రాత్రులు ఏడ్చాడు డాక్టరు బాబూ, అప్పుడు నాకు భయం లేదు. ఇప్పుడు ఏడుపు మానేశాడు, అందుకే తెచ్చా" అంది. బిడ్డ నడినెత్తి లోతుకు పోయి ఉంది, నాలుక ఎండిపోయింది. సెలైన్ ఎక్కిస్తే మధ్యాహ్నానికి వాడు గొంతెత్తి ఏడ్చాడు. వార్డులో అందరికన్నా ఎక్కువ సంతోషించింది ఆమే.

ఆమెకున్న వివేకాన్ని గుర్తులుగా చెబుతాను. నిద్రలో ఉన్న బిడ్డను తాకితే కదలాలి, లేపితే చూపు నిలపాలి, రొమ్ము అందుకోవాలి. అలా కాక జావగారిపోయి ఉంటే, పాలు పూర్తిగా మానేస్తే, 8 గంటలుగా మూత్రం పోయకపోతే, డొక్కలు ఎగరేస్తుంటే, పెదవులు నీలమైతే ఆ క్షణమే ఆసుపత్రికి బయలుదేరాలి. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం పాటు శ్వాసలు లెక్కించండి. 2 నెలల లోపు 60 గాని అంతకు మించి గాని, 2 నెలల నుండి ఏడాది వరకు 50 గాని అంతకు మించి గాని ఉంటే ఆలస్యం చేయరాదు. 3 నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే మందు వేసి తెల్లవారే వరకు వేచి ఉండరాదు.

తల్లి నిద్ర గురించి ఒక మాట. రాత్రంతా ఆమె ఒక్కతే మేలుకుంటే మూడవ రోజుకు గుర్తులు గమనించే ఓపిక ఉండదు. తండ్రి ఒక జాము, అమ్మమ్మో నాయనమ్మో మరొక జాము పంచుకోవాలి. జబ్బులో బిడ్డ ఎన్నిసార్లు లేచినా ఎత్తుకోండి, చెడిపోతాడన్న బెంగ వద్దు. కోలుకున్నాక మునుపటి వేళకు దీపం తగ్గించి పడుకోబెడుతూ ఉంటే కొద్ది రోజుల్లోనే పాత అలవాటులో పడతాడు. అంతవరకు బిడ్డ ఏడుపు విని కలత చెందండి గాని హడలిపోకండి.